నల్లగోడకు ఎగువన

2004 జనవరి 22, గురువారం. వనపర్తి

వర్షకు జరం. నూటరెండు ఉన్నదని గీత ఇంటికాడికెల్లి క్వారీ ఆఫీసుకు ఫోన్ చేసింది. అప్పటికి మూడు పాయింట్ల కాడ మీటరు పెట్టి భూమిల నీళ్లు చూసిన. ఇంక రెండు ఉండె. రెండూ నల్లగోడకు ఎగువన, జములమ్మత్త చేను దిక్కు. క్వారీ మేనేజర్ సాయినాథ్ జీపు తీసిండు. "పిల్ల కంటె ఎక్కువనా సార్, ఎక్కుండి" అన్నడు. నాలుగు ఇనుప కడ్డీలు భూమిల నుంచి పీకి, మీటరు డబ్బాల పెట్టి, ఎక్కి వచ్చేసిన.

దవాఖానల సూది ఏసిన్రు. ఇప్పుడు నిద్రపోతున్నది. ఒళ్లు చల్లబడ్డది.

రేపు పోయి ఆ రెండు చూడాలె.

జనవరి 23

రిపోర్టు సాయంత్రం వరకు బల్ల మీద ఉండాలె అన్నడు మా ఆఫీసరు. క్వారీ ఫైలు పైనోళ్లు అడుగుతున్నరంట.

ఐదు పాయింట్లకు ఐదు లెక్కలు రాసిన. మూడు మీటరు చెప్పినయి. మిగిలిన రెండు గూడ గట్లనే ఉంటయి. ఎందుకుండవు? ఒకటే గుట్ట, ఒకటే రాయి. "తవ్వకం వల్ల చుట్టుపక్కల బాయిలకు నష్టం ఉండదు" అనే లైను ఆఫీసరు చెప్పిండు, నేను రాసిన. సంతకం నాదే.

వర్షకు జరం దిగింది. పొద్దున ఉప్మా తిన్నది.

ఫిబ్రవరి 8, ఆదివారం

నల్లగట్టుపల్లెకు పోయిన. అత్త జొన్నరొట్టెలు చేసింది, పుంటికూర చేసింది. నేను పోతె ఆ రెండూ చేస్తది. ఆరేండ్లప్పుడు మా అమ్మ సచ్చిపోతె నన్ను చంకనెత్తుకొని ఈ ఊరికి తెచ్చింది ఈమెనే. నాయిన చెల్లె. సొంత కొడుకు రాజన్నకు ఒక రొట్టె ఏస్తె నాకు రెండు ఏసింది. ఇప్పటికీ గట్లనే.

తోట మంచిగున్నది. బత్తాయి చెట్లు అరవై. పదకొండేండ్ల చెట్లు. పాలమూరు జిల్లా మొత్తం బాయిలు ఎండుతున్నయని పేపర్ల రాస్తున్నరు, అత్త బాయిల మాత్రం ఇరవై అడుగుల నీళ్లు. ఆ నీళ్లను చూసే రాజన్న బావ పూణె పని ఇడిచిపెట్టి ఊరికొచ్చిండు. పన్నెండేండ్లు మట్టి మోసిండు ఆడ.

బాయిగడ్డ మీద కూసున్నం. పక్కకెల్లే గోడ పోతది. ఎర్రగుండ్ల నడుమ నల్లగ, పడమర నుంచి తూర్పుకు, ఎవలో దారం పట్టి గీసినట్టు. దాని మీద జర దూరంగ కొత్తగ క్వారీ క్రేను నిలబడ్డది.

"సుట్టంత ఎర్రరాయి, నడుమ గీ నల్లరాయి ఏడికెల్లి వచ్చింది శేకరా?" అన్నడు బావ. "చిన్నప్పటి సంది చూస్తున్న, ఎన్నడు అడగలే."

చెప్పిన. భూమి లోపట శానా లోతుల రాయి కరుగుతది. కరిగిన రాయి సుట్టున్న గట్టిరాయి కంటె తేలిక. అందుకే మీదికి రావాలని చూస్తది. దారి లేకుంటె రాయిని చీల్చి నెర్రె చేస్తది. నెర్రెల దూరి, దాని మొనను ఇంక ముందుకు చీలుస్తది. గట్ల మనిషి నడిసినంత జోరుతోని గూడ పోతదంట. పోతా పోతా సల్లారుతది. సల్లారి గట్టిపడితె గోడ.

"అంటె ఈడ నిప్పులకొండ ఉండెనా?"

"ఉన్నదో లేదో ఎవలకు తెల్వదు బావా. మీదికి వచ్చి పారిందో, నడుమల్నే ఆగిందో. రెండు వందల కోట్ల ఏండ్ల ముచ్చట. మీద ఏమున్నా అరిగిపోయింది. కింద అది నడిసిన దారి ఒక్కటే మిగిలింది. మనం చూసేది దారిని."

బావకు మస్తు నచ్చింది. "మరి మన బాయిల గిన్ని నీళ్లెందుకు?"

"మీదికెల్లి భూమి లోపట దిగొచ్చే నీళ్లను గోడ ఆపుతది. దాటనియ్యదు. గోడ ఎనక నిలబడ్డ నీళ్లే మీ బాయిల..."

అక్కడ ఆగిన.

"మరి గోడను కోస్తె?" అన్నడు బావ.

నేను ఏం చెప్పేటోన్నో. అంతల అత్త కొట్టంల నుంచి కేకేసింది. "నువ్వూర్కోరా రాజిగా! మన శేకరే గద చూసింది మిషను పెట్టి. ఏం గాదని రాసిండంట. సర్పంచి చెప్పిండు." నా దిక్కు తిరిగి, "ఏం గాదు గద బిడ్డా?"

"ఏం గాదత్తా."

"ఇంకేంది మరి."

సంచి నిండ బత్తాయిలు పెట్టి పంపింది.

ఫిబ్రవరి 9

ఆ రెండు పాయింట్లు చూడాలె.

ఫిబ్రవరి 16

పోలే. మీటరు అమ్రాబాద్ పోయింది, ఆడ బోర్లు చూసెతందుకు. వచ్చినంక పోత.

ఫిబ్రవరి 27

మీటరు ఇంక రాలే. నా తప్పేమున్నది ఇందుల.

మార్చి 6, శనివారం

మీటరు వచ్చింది. ఎవలకు చెప్పకుండ మోటరుసైకిలు మీద తీస్కపోయిన. పొద్దున ఏడింటికే గోడకు ఎగువన ఉన్న. కడ్డీలు దిగ్గొట్టి తీగలు కట్టిన. అత్త చూడకుండ చింతచెట్ల దిక్కు నుంచి పోయిన. ఎందుకు దాసుకున్ననో.

నీళ్లు నిండిన పగుళ్ల రాయి అయితె మీటరు తక్కువ చూపుతది. ఎండు గట్టిరాయి అయితె ఎక్కువ.

నాలుగో పాయింటుకు నేను రాసింది తొమ్మిది వందలు. మీటరు చెప్పింది డెబ్బై.

ఐదో పాయింటుకు రాసింది ఎనిమిది వందల యాభై. మీటరు చెప్పింది అరవై రెండు.

కడ్డీలు పీకి మళ్ల కొట్టిన. తీగలు మార్చిన. బ్యాటరీ మార్చిన. అరవై రెండే.

గోడ ఎనక భూమంత తడిసిన పగుళ్లే. ఆ ఊరి బాయిలన్ని బతికేది గా పగుళ్ల మీదనే. గోడను అడ్డంగ కోసి, లోతుకు పోతె, ఆ నీళ్లన్ని గుంతలకు వస్తయి. క్వారీ వాళ్లు మోటరు పెట్టి తోడి పారబోస్తరు.

మార్చి 8, సోమవారం

ఆఫీసరుకు చెప్పిన. తలుపు ఏసి చెప్పిన. ఆయన శానాసేపు పెన్ను మూత తీసిండు, పెట్టిండు.

"ఇప్పుడు తప్పు అని రాస్తవా?"

"రాస్త సార్."

"జనవరిల చూడకుండ రాసిన అని గూడ రాయాలె గద మరి. గది ఎవలు రాస్తరు? నేనా?"

లెక్కల కాయితం ఆయన దిక్కు జరిపిన.

"ముప్పై ఒకటికి నీ కాంట్రాక్టు అయిపోతది. కొత్త లిస్టు నేనే పంపాలె. నీకు పిల్ల ఉన్నది. జర ఆలోచన చెయ్. వాళ్లింక మీద మీదనే గీకుతున్నరు. ముప్పై అడుగులు దాటినప్పుడు చూద్దాం."

ఆయన చెప్పింది గూడ కరక్టే. ముప్పై అడుగుల వరకు టైమున్నది.

మార్చి 31

కాంట్రాక్టు ఇంకొక ఏడాది ఇచ్చిన్రు. గీత పాయసం చేసింది.

ఏప్రిల్ 18, ఆదివారం. గద్వాల

వెంకట్రాములు సారు ఇంటికి పోయిన. నాకు పని నేర్పింది ఆయననే. రిటైరై నాలుగేండ్లయింది. వాళ్లది మగ్గం నేసే ఇల్లు. ముందు అర్రల తమ్ముడు మగ్గం గుంటల కూసోని చీరె నేస్తుండు. ఎనక అర్రల సారు పుస్తకాలు, రాళ్లు.

నేను చేసింది ఏం చెప్పలే. "ఒక క్వారీ ఉన్నది సార్, గోడరాయి కోస్తున్నరు" అన్న.

సారు గూట్ల నుంచి అరచేయంత నల్లరాయి తీసి నా చేతుల పెట్టిండు. "అంచు చూడు."

"సన్నగున్నది సార్, అద్దం లెక్క."

"నడుమ?"

"గింజ దొడ్డుగున్నది."

"ఎందుకు?"

పరీక్షల పిల్లగాని లెక్క చెప్పిన. "అంచు సల్లరాయిని తాకంగనే గడ్డకట్టింది. గింజ కట్టెతందుకు టైం దొరకలే. నడుమ నిమ్మళంగ సల్లారింది."

"మరి తాకిన ఎర్రరాయికి ఏమైంది?"

"కాలింది. పగిలింది."

"నీళ్లుండేది ఆ పగుళ్లల్ల. గోడల సుక్క ఉండదు, గోడ పక్కన ఉంటది. పగుళ్లు దాస్తయి, గోడ ఆపుతది. మొదటి వారంల్నే చెప్పిన నీకు."

"చెప్పిన్రు సార్."

సారుకు చెప్పుడంటె పానం. వికారాబాద్ దిక్కు పోతె లావా మీదికొచ్చి చాపలెక్క పరుచుకున్న నేల కనబడుతదని, అదంత మొన్నటిదని, ఆరున్నర కోట్ల ఏండ్లదేనని చెప్పి నవ్విండు. "అందరు లావా అంటె మీదికొచ్చి పారుడే అనుకుంటరు. వచ్చేది జరంతనే. ఎక్కువపాలు లోపల్నే ఆగిపోతది. నెర్రె మూసుకపోతది, ఒత్తుడు తగ్గుతది, సల్లారుతది. ఈ పాలమూరు కింద గట్ల ఆగినయి ఎన్ని ఉన్నయో! మీదికెల్లి చూసేటోనికి ఏం తెలుస్తది? ఏం తెల్వదు."

"సార్, గోడ ఒకసారి తెగితె మళ్ల కట్టొచ్చా? సిమెంటు పోసి?"

నా మొకం దిక్కు చూసిండు. "నలభై అడుగుల మందం. కింద ఎంత లోతుందో కొలిసినోడు లేడు. సిమెంటంట." రాయి మళ్ల గూట్ల పెట్టుకుంట, "ఎవల ఊరు చంద్రశేఖర్?" అన్నడు.

ఆయన నన్ను పూర్తి పేరుతోని పిలవడు.

"ఎవలదో సార్" అన్న.

చాయ్ తాగి వచ్చేసిన.

ఏప్రిల్ 30

క్వారీల డీజిల్ ఇంజను పెట్టిన్రంట. నీళ్లు తగిలినయంట.

మే 2

ముప్పై ఐదు అడుగులు దిగిన్రు. సాయినాథే చెప్పిండు, కొత్తకోట హోటల్ల కలిసిండు. నల్లరాయి మస్తు మంచిగ వస్తున్నదంట, ఒక్క మచ్చ లేకుండ. "మీ దయ సార్" అన్నడు.

మే 11

రాజన్న బావ బస్టాండు కాయిన్ బాక్సు నుంచి ఫోన్ చేసిండు. బాయి ఎనిమిది అడుగులు తగ్గింది. "ఎండలకా శేకరా?" అన్నడు. ఎండలే గావచ్చు అన్న. ఎండలు గూడ గట్లనే ఉన్నయి.

మే 23, ఆదివారం

ఇయ్యాలటిది రాయకుంటె నిద్రపట్టదు.

నల్లగట్టుపల్లెల మీటింగు పెట్టిన్రు. బడి ముందట. పదమూడు బాయిలల్ల తొమ్మిది అడుగంటినయి. ఊరోళ్లల్ల సగం మంది కట్టెలు పట్టుకొని వచ్చిన్రు. వెంకటన్న, తోట కింద రెండెకరాల మిరప ఎండిపోయినాయన, లేచి అన్నడు: "రేపు పొద్దున క్వారీ తొవ్వకు అడ్డంగ పండుకుందాం. ఒక్క లారీ పోనియ్యొద్దు. ఇంజను బందు చేసెదాకా లేవొద్దు." ఆడోళ్లు మొగోళ్లు అందరు సై అన్నరు.

నేను అత్తను చూడ పోయి గుంపు ఎనక నిలబడ్డ. నన్ను పిలిచిన్రనా, కాదు. నేనే పోయిన.

అప్పుడు అత్త లేచింది. కొంగు నడుముకు చెక్కి, నడుమల నిలబడ్డది.

"వెంకటన్నా, తొవ్వకు పండుకుంటె పోలీసులొస్తరు. పిల్లలను ఎత్తుకపోతరు. తప్పు వాళ్లదైతె నేనే ముందుగాల పండుకుంట. తప్పు వాళ్లదని ఎవలు చెప్పిన్రు? మా శేకరు సర్కారు మిషనుతోని చూసిండు. ఏం గాదని సంతకం పెట్టిండు. నా చేతుల పెరిగిన పోరడు. నాకు తెల్వదా? వాడు అబద్ధం రాయడు."

అందరు ఎనకకు తిరిగిన్రు. వెంకటన్న అడిగిండు. "నువ్వు చెప్పు బాబు. గీ నీళ్లు క్వారీకి పోతున్నయా, ఎండకు పోతున్నయా? నువ్వు ఎండకే అంటె మేం ఇంటికి పోతం."

నోరు తెరిచిన. అత్త నా దిక్కు చూస్తున్నది. భయంతోని కాదు, గర్వంతోని. అది చూసినంక నాతోని కాలే. "ఎండలు ఎక్కువున్నయి. రెండేండ్ల సంది వానలు సరిగ లేవు" అన్న.

తరువాత కట్టెలు భుజాల మీద పెట్టుకొని ఒక్కొక్కలు పోయిన్రు. వెంకటన్న పోతా పోతా, "సదువుకున్నోడు చెప్పిండు, ఇంకేం చేస్తం" అన్నడు.

అత్త నా చెయ్యి పట్టుకొని ఇంటికి తీస్కపోయి మజ్జిగ ఇచ్చింది.

మే 24

నేను అబద్ధం చెప్పలే. వానలు లేవన్నది నిజమే.

జూన్ 20

వానలు రాలే. నిజంగనే రాలే. క్వారీకి దిగువన వాగుల మాత్రం నీళ్లు పారుతున్నయి. ఇంజను తోడి పోసే నీళ్లు. దిగువ ఊరోళ్లు వరినారు పోసుకున్నరు. సాయినాథ్‌కు శాలువ కప్పిన్రంట. వాళ్లదేం తప్పు. వాళ్లకు ఎన్నడన్న నీళ్లొచ్చినయా?

నీళ్లు గోడ దాటినయి. గంతే.

జూలై 4

బత్తాయి ఆకు పసుపుపచ్చగైంది. అత్త బిందెలతోని చెట్లకు పోస్తున్నది. అరవై చెట్లు. తాగెతందుకే ట్యాంకరు కాడ కొట్లాటలు. ఈమె తన బిందె తెచ్చి చెట్టుకు పోస్తున్నది.

"ఒక్క వాన పడనియ్యి బిడ్డా" అన్నది.

జూలై 18, ఆదివారం

బావ బాయిని ఇంక లోతు చేస్తుండు. నన్ను రమ్మన్నడు. "నువ్వు రాయి సదివినోనివి. ఊట ఏ దిక్కుందో చూసి చెప్పు, ఆ దిక్కు తవ్వుత." గిరక తాడు పట్టుకొని ఇద్దరం దిగినం. యాభై అడుగులు.

అడుగున ఎర్రరాయి, నల్లరాయి కలిసే జాగ ఉన్నది. ఇన్నేండ్లు నీళ్ల కింద ఉండె, ఎవలు చూడలే. నల్లరాయి అంచు సన్నగ, నున్నగ, సారు చూపిన రాయి లెక్కనే. దాన్ని ఆనుకొని ఎర్రరాయి నెర్రెలు నెర్రెలుగ పగిలి ఉన్నది. చెయ్యి పట్టే నెర్రె ఒకటుండె. మోచెయ్యి దాకా లోపటికి పెట్టిన. ఎండిన మట్టి చేతికొచ్చింది.

"గిదే గద పెద్ద ఊట?" అన్నడు బావ. "చిన్నప్పుడు ఈతకొడితె ఈడ నీళ్లు కడుపుకు సల్లగ తగిలేటియి. ఏడికి పోయింది శేకరా?"

ఆయన గోడకు చెవి పెట్టిండు. నన్ను గూడ పెట్టమన్నడు. పెట్టిన. రాయిలకెల్లి డ్రిల్లు మిషను సప్పుడు వస్తున్నది. పావు కిలోమీటరు అవుతల కోస్తున్న సప్పుడు, పక్క అర్రల కోస్తున్నట్టు.

బావ చెవి తీసి నా దిక్కు చూసిండు. గంతే. ఇంక ఆగలే నేను.

"నేను చూడలే బావా. మూడే చూసిన. ఈ దిక్కు రెండు చూడకుండ రాసిన. వర్షకు జరమొచ్చిందని పోయిన, మళ్ల రాలే. మార్చిల వచ్చి చూసిన. నీళ్లు క్వారీకి పోతయని అప్పుడే తెల్సింది. చెప్పలే."

బావ చేతుల గడ్డపార ఉండె. ఎత్తుతడనుకున్న. ఎత్తితె బాగుండు అనుకున్న. కింద పెట్టిండు. తాడు పట్టుకొని మీదికి ఎక్కిండు, తాడు గూడ గుంజుకున్నడు.

తరువాత శానాసేపు తాడు రాలే. మీద గుండ్రంగ ఆకాశం కనబడుతుండె. కేకెయ్యాలంటె సిగ్గైంది. కూసున్న. డ్రిల్లు సప్పుడు ఆగుతున్నది, మళ్ల మొదలైతున్నది.

తాడు పడ్డది. ఎక్కినంక బావ ఒక్క మాటనే అన్నడు. "అమ్మకు నువ్వే చెప్పు."

అత్త అరుగు మీద కంది పప్పు చెరుగుతున్నది. కింద కూసోని చెప్పిన. మొత్తం చెప్పిన. మీటింగు ముచ్చట గూడ. చేట ఆగింది. నా మాట అయిపోయినంక మళ్ల చెరగబట్టింది. అయిపోయినంక పప్పు డబ్బాల పోసి, చేట గోడకు తగిలేసి, లోపటికి పోయింది.

పొద్దుగూకేదాకా కూసున్న. బయటికి రాలే.

జూలై 25

పోయిన. ఇంట్లనే ఉన్నది. మాట్లాడలే.

ఆగస్టు 1

పోయిన. మాట్లాడలే.

ఆగస్టు 3

ఉత్తరం రాసిన. ఆఫీసరుకు కాదు, పై ఆఫీసుకు. ఏ దినం ఏం చూసిన, ఏం చూడలే, మార్చిల మీటరు ఏం చెప్పింది, అన్ని. గీతకు సదివి ఇనిపించిన. కుట్టుమిషను ఆపి ఇన్నది.

"ఇది ఏస్తె నీ కొలువు ఉండదు."

"ఉండదు."

"వాళ్ల బాయిలకు నీళ్లొస్తయా?"

"రావు గావచ్చు."

"మరి ఎందుకోసం ఏస్తున్నవు? రెండు ఇండ్లు ఎండెతందుకా?" అన్నది. తరువాత ఏడ్చింది. ఇంజనన్న బందైతదేమో అని ఉన్నది. గంతే ఉన్నది.

పొద్దున ఆమెనే కవరు మీద స్టాంపు అంటిచ్చింది.

ఆగస్టు 19

కొలువు పోయింది. ఒక కాయితం, రెండు లైన్లు. ఆఫీసరు నన్ను చూసి మొకం తిప్పుకున్నడు. పదేండ్లు ఆయన వెంట తిరిగిన.

సెప్టెంబరు 14

పాలమూరు పై ఆఫీసు నుంచి ముగ్గురు వచ్చి చూసిన్రు. వాళ్ల మీటరు గూడ నా మార్చి లెక్కలే చెప్పింది. నన్ను దూరంగ నిలబెట్టిన్రు.

గుంత చూసిన. ఇన్ని దినాలల్ల దగ్గరికి పోయి చూసుడు ఇదే. గోడను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండ కోసిన్రు. డెబ్బై అడుగులు. అత్త చేను దిక్కున్న పక్కకెల్లి పగుళ్లల్ల నీళ్లు ధార కట్టి గుంతల పడుతున్నయి. ఎంత తేటగున్నయో.

సెప్టెంబరు 27, సోమవారం

క్వారీ బందు! ఆర్డరు వచ్చింది. ఇంజను ఆపిన్రు. వెంకటన్న పటాకులు కాల్చిండంట. ఇంక నీళ్లు నిలబడతయని ఊరంత బాయిల కాడికి పోయి తొంగి చూస్తున్నరంట.

నిలబడతయేమో. గుంత నిండినంక ఎనక్కి ఎక్కుతయేమో. ఎక్కొచ్చు. సారును అడగాల్నా?

అడగ.

అక్టోబరు 10

రెండు దినాలు మంచి వాన. రాత్రంత వాన సప్పుడు ఇనుకుంట పండుకున్న. పొద్దున పోయిన. వెంకటన్న బాయిల రెండడుగులు. అత్త బాయిల జానెడు. గుంతల మాత్రం నలభై అడుగులు నిలబడ్డయి. నిండకముందే కోసిన తొవ్వకెల్లి దిగువకు పారుతున్నయి. గుంత ఎన్నడు నిండదు.

మీటరు, కడ్డీలు, తీగలు, ఏమున్నా చెయ్యగలిగింది లేదు. కిందికెల్లి రాయి కరిగి మళ్ల రావాలె.

అక్టోబరు 24

బావ, వెంకటన్న కలిసి గుంతల మోటరు పెడతమని పోయిన్రు. కంపెనీ కోర్టుకు పోయింది. కేసు తేలేదాకా గుంతల ఎవలు చెయ్యి పెట్టొద్దని బోర్డు. కాపలాకు ఇద్దరు. వాళ్ల నీళ్లు వాళ్ల కండ్ల ముందటనే, ముళ్లకంచె అవుతల.

నవంబరు 7

బత్తాయి చెట్లు కొట్టిచ్చిన్రు. నేను పోలే. పోయినోళ్లు చెప్పిన్రు, అత్తనే దగ్గర నిలబడి కొట్టిచ్చిందంట. కట్టెలు ఇటిక్యాల దిక్కు ఇటుకబట్టీకి పోయినయి.

నవంబరు 21

వర్ష అడిగింది: "నాయినా, జములవ్వ మనింటికి ఎందుకొస్తలేదు?" పని ఉన్నది అన్న.

డిసెంబరు 5, ఆదివారం

కొత్తకోటకు పోయిన. పూణె పోయే లేబరు బండి ఈడికెల్లే ఎక్కుతరు. నల్లగట్టుపల్లె నుంచి ఏడిండ్లోళ్లు. బావ, ఆయన పెండ్లాం. అత్త గూడ పోతున్నది. అరవై ఒకటేండ్లు ఆమెకు. ఈ పొద్దు దాకా పరాయి పనికి పోలే. ఇంటికాడ ఉండమని బావ అన్నడంట, "తాగ నీళ్లు లేని ఇంట్ల ఉండి ఏం చెయ్యాలె, ఆడ మీకు వంట చేస్త" అన్నదంట.

హోటళ్ల ముందట లారీల నడుమ నిలబడ్డరు. గిన్నెల మూట, పొయ్యి ఊచలు, జొన్న బస్తా. నేను పోయి బస్తా మీద చెయ్యేసిన, బండ్ల పెడదామని. బావ నా చెయ్యి తీసేసి తనే ఎత్తుకున్నడు. కోపంగ గాదు. పరాయోని చెయ్యి తీసినట్టు తీసిండు.

నేను గూడ పని కోసమే తిరుగుతున్న అని చెప్పాలనిపించింది. ఎందుకు చెప్పాలె? నా కష్టం చూపి వాళ్ల తాన ఏం అడుగుదామని?

అత్త బండెక్కింది. ఎక్కెతందుకు కాలు అందలే, వెంకటన్న పెండ్లాం చెయ్యిచ్చింది. మూట మీద కూసున్నది. నేను బండి ఎనక నిలబడ్డ. డ్రైవరు ఇంజను ఏసిండు. ఐదు నెలల సంది ఆమె నోట నాకు ఒక్క మాట లేదు. ఇయ్యాల గూడ ఉండదనుకున్న.

బండి కదిలేటప్పుడు నా దిక్కు చూసింది.

"పిల్లకు మళ్ల జరం గిట్ట వచ్చిందా?" అన్నది.

"రాలేదత్తా. మంచిగున్నది."

తల ఊపింది. కొంగు సరిచేసుకున్నది. తిడుతదేమో అనుకున్న. తిడితె బాగుండు అనుకున్న. సర్కారు ఆఫీసుల బల్ల ముందట నిలబడి మాట్లాడినట్టు, మెల్లగ, మర్యాదగ అన్నది:

"మంచిది సారు. మీరు ఇంటికి పోండ్రి. ఎండల నిలబడకుండ్రి."

బండి హైవే ఎక్కింది. ఇరవై ఏడేండ్లల్ల ఆమె నన్ను మీరు అనుడు ఇదే మొదలు.